పేరడక్కండి, నోరు చూడండి: లైవ్ రాక్ వెంట వచ్చే పిలవని అతిథులు

ట్యాంకులో లైట్లు ఆరి గంటన్నర అయింది. కొత్తగా పెట్టిన రాయి మీద టార్చి వేస్తే, పగలంతా బోసిగా కనిపించిన పగుల్లోంచి గులాబీ రంగు జెర్రిలాంటిదేదో జానెడు బయటికి వచ్చి ఇసుకని తడుముతోంది. వెలుగు పడగానే సర్రున లోపలికి పోయింది. రీఫ్ ట్యాంక్, అంటే ఇంట్లో ఉప్పునీళ్లలో పగడాలూ చేపలూ పెంచే తొట్టె, పెట్టిన ప్రతి ఒక్కరికీ ఇలాంటి రాత్రి ఒకటి వస్తుంది. నాకు వచ్చిన రాత్రి నేను చేసిన ఘనకార్యం, ఆ రాయి మొత్తాన్ని బయటికి తీసి మంచినీళ్లలో నానబెట్టి మళ్లీ ట్యాంకులో పెట్టడం. జెర్రి చచ్చింది. దాంతోపాటు ఆ రాతిలో కాపురముంటున్న లెక్కలేనన్ని ప్రాణులూ చచ్చాయి. అవన్నీ కుళ్లి అమ్మోనియా పెరిగి నాలుగో రోజుకి చేపలూ పోయాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటారే, అచ్చంగా అదే. ఆ జెర్రి వల్ల నా ట్యాంకుకి ఏ ముప్పూ లేదని తెలిసేసరికి తగలబెట్టడానికి ఇంకేం మిగల్లేదు.

పొరపాటు నేను వేసుకున్న ప్రశ్నలోనే ఉంది. కొత్త జీవి కనపడగానే "ఇదేమిటి?" అంటాం. పేరు తెలిస్తే సగం భయం పోతుందని ఆశ. ఇలా ప్రాణులతో సహా ట్యాంకులోకి వచ్చే సముద్రపు రాయి, అదే లైవ్ రాక్, విషయంలో పేరు చాలాసార్లు దొరకదు, దొరికినా ఏం చేయాలో చెప్పదు. "ఇది ఏం తింటుంది, దేనితో తింటుంది?" అని అడిగితే మాత్రం జవాబు మామూలు కళ్లతో, కాస్త ఓపికతో ఇంట్లోనే దొరుకుతుంది. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న గురించి.

రాతిలో ఊరు

లైవ్ రాక్ అన్నా అందులో రాయికేం ప్రాణం ఉండదు. అది చనిపోయిన పగడాల సున్నపు అస్థిపంజరం. దాని మీద గులాబీ, ఊదా రంగుల్లో కోరలైన్ నాచు పూత పూసినట్టు పెరుగుతుంది. పైపొరలో ఆక్సిజన్ అందే చోట ఉండే బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. రంధ్రాల లోపల ఆక్సిజన్ అందని చోట వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది. మనం డబ్బిచ్చి కొనేది ఈ వడపోతని. దాంతోపాటు వచ్చే పురుగూ పుట్రా కొసరు.

ఆ కొసరు ఎంతుంటుందో 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపించింది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో, కరీబియన్‌లో కలిపి ఏడు చోట్ల చచ్చిన పగడపు గడ్డల్ని, అలాంటి చిన్న నమూనాల్ని తీసి వాటిలోని పీతలు, రొయ్యల జాతి ప్రాణుల్ని మాత్రమే డీఎన్ఏతో లెక్కపెట్టారు. మొత్తం విస్తీర్ణం 6.3 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గది నేలంత. తేలిన జాతులు 525. పురుగులు, నత్తలు, స్పంజికలు ఆ లెక్కలో లేవు. నిపుణులే డీఎన్ఏ లేకుండా తేల్చలేని జనాభా ఇది. ఫోన్ ఫొటో చూసి ఎవరైనా ఖచ్చితంగా జాతి పేరు చెప్పేస్తే, ఆ ధైర్యానికి మెచ్చుకుని ఊరుకోవాలి.

పేర్లలో ఇంకో తిరకాసు ఉంది. అభిరుచిదారులు వాడే "బ్రిస్టల్ వార్మ్" అన్న మాట పాలీకీట్ అనే మహా కుటుంబం మొత్తానికీ తగిలించొచ్చు. ఆ కుటుంబంలో శాస్త్రజ్ఞులు వివరించినవే పదివేల జాతులకు పైగా ఉన్నాయి. అందులో నాచు నమిలేవి, బురద మింగేవి, నీళ్లు వడకట్టుకునేవి, చేపని ఒక్క కాటుతో పట్టి లాగేసేవి అన్నీ ఉన్నాయి. "కాళ్లున్నది" అన్న గుర్తుతో మేకనీ పులినీ ఒకే దొడ్లో కట్టేస్తే ఎలా ఉంటుందో ఆ పేరూ అలాగే ఉంటుంది.

ముందు చూడటం నేర్చుకోవాలి

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. టార్చి ముఖానికి ఎర్ర కాగితం చుట్టుకోండి. సముద్రంలో లోతుకు వెళ్లేకొద్దీ ముందు ఆరిపోయేది ఎరుపే కాబట్టి ఈ ప్రాణుల్లో చాలావాటికి ఎర్ర వెలుగు సరిగా ఆనదు. తెల్ల టార్చికి పారిపోయేవి దీనికి కదలకుండా ఉంటాయి. లైట్లు ఆరాక గంట రెండు గంటలకి చూడాలి. పట్టుబడిన దాన్ని పెట్టడానికి ట్యాంకు నీళ్లు పోసిన తెల్ల గిన్నె, చూడటానికి భూతద్దం ఉంటే చాలు.

నాకు బాగా పనిచేసిన పరీక్ష ఒకటుంది. రాత్రి చేప మేత గుళిక ఒకటి తీసి, అనుమానం ఉన్న కన్నానికి రెండంగుళాల దూరంలో రాతి మీద పెట్టి కూర్చోండి. వచ్చేది నెమ్మదిగా తడుముకుంటూ వచ్చి గుళికని నోట కరుచుకుంటే అది మిగులూ తగులూ తిని బతికే బాపతు. కన్నంలోంచి మెరుపులా వచ్చి గుళికతో సహా మాయమైతే దాని పళ్ల మీద శ్రద్ధ పెట్టాల్సిందే. గుళికని అసలు పట్టించుకోకపోతే అది నాచు తినేదైనా కావచ్చు, మీ పగడం మీద కన్నేసిందైనా కావచ్చు. మర్నాడు ఏ పగడానికి గాయమైందో చూడాలి.

శవం దగ్గర దొరికినవాడే హంతకుడు అనుకునే పోలీసు బుద్ధి ఈ రంగంలో అందరికీ ఉంటుంది. పొద్దున్నే చచ్చిన చేప మీద పురుగులు ముసిరి ఉంటే పురుగులే చంపాయంటాం. ఆరోగ్యంగా ఉన్న చేప అంత నెమ్మదైన పురుగుకి చిక్కదు. చేప ఏదో జబ్బుతోనో అమ్మోనియాతోనో పోయి ఉంటుంది, పురుగులు అంత్యక్రియలకి వచ్చాయి. నేరం జరిగేటప్పుడు చూస్తే తప్ప శిక్ష వేయకూడదని నేను పెట్టుకున్న నియమం. పగలు పగడం బాగుండి, రాత్రి ఒకే జీవి దాని మీద పదే పదే కనపడి, పొద్దుటికి కండ తగ్గితే అప్పుడు సరే.

పురుగులు

మొదట చెప్పిన గులాబీ జెర్రి యూరితోయీ కాంప్లనాటా, లేదా దాని దగ్గరి చుట్టం. ఒంటికి రెండు వైపులా తెల్లని కుచ్చులుంటాయి. గొంగళిపురుగు తగిలితే దురద ఎలా పుడుతుందో దీన్ని పట్టుకున్నా అంతే, ఇంకాస్త మంట ఎక్కువ. ఆ నూగు సున్నపు పదార్థంతో అయి, చర్మంలో గుచ్చుకుని పుటుక్కున విరుగుతుంది. అంటుకునే టేపు వేసి పీకి, పైన వెనిగర్ రాస్తే తగ్గుతుంది, వెనిగర్‌కి సున్నం కరుగుతుంది కనక. అందుకే రాళ్లు కదిపేటప్పుడు చేతికి తొడుగులు ఉండాలి. అంతకు మించి దీంతో గొడవ లేదు. పగుళ్లలోకి జారిన మేత, చచ్చిన నత్త, చేపల మలం అన్నీ ఇది తిని శుభ్రం చేస్తుంది. పది ఉన్నవి వందైతే తప్పు పురుగుది కాదు, గుప్పెళ్లతో మేత వేసే చేతిది. మేత తగ్గించండి, నెలా రెండు నెలల్లో వాటి సంఖ్య దానంతటదే తగ్గుతుంది.

దీని జ్ఞాతి ఒకటి నిజంగా దుర్మార్గురాలు: హెర్మోడైస్ కరుంక్యులాటా, గడ్డపు ఫైర్‌వార్మ్. అట్లాంటిక్, కరీబియన్, మధ్యధరా నీళ్లలో పగడాల కొమ్మని చీపురుపుల్ల చీకినట్టు నోట్లో పెట్టుకుని చీకేస్తుంది. తల మీద ముడతలు పడ్డ కండ జుట్టుముడిలా ఉంటుంది, కుచ్చుల పక్కన మొప్పలు గుబురుగా ఎర్రగా ఉంటాయి. తల మీద ఆ ముడి స్పష్టంగా కనిపిస్తే బయటికి తీసేయండి.

ఇక యూనిసిడ్‌లు. టార్చి వెలుగులో ఒళ్లు ఇంద్రధనుస్సులా మెరుస్తూ, తల ముందు ఐదు మీసాలు బయటపెట్టి, కన్నంలోంచి ఎప్పుడూ పూర్తిగా బయటికి రాకుండా తిరిగే పురుగుంటే అది ఈ వంశం. చిన్నవి చాలావరకు నాచు, చెత్త తింటాయి. వాటిని చూసి హడలిపోనక్కర్లేదు. కానీ ఈ వంశానికి పెద్ద దిక్కు యూనిసీ ఆఫ్రోడిటాయిస్, బాబిట్ వార్మ్ అని పిలిచేది. 2009లో జపాన్‌లోని షిరహామా దగ్గర రేవులో పడవలు కట్టే తెప్ప తేలేందుకు అమర్చిన బోలు డబ్బాలో ఒకటి దొరికింది. పొడవు 299 సెంటీమీటర్లు, ఒంటి ఖండాలు 673. తెప్పని నీళ్లలో వేసి పదమూడేళ్లయింది, లోపల ఎవరున్నారో అన్నేళ్లూ ఎవరికీ తెలీదు. అదే ఏడాది ఇంగ్లండ్ నైరుతి కొసన న్యూక్వే అక్వేరియంలో పగడాలు తెగిపోతూ ఉంటే ఎర వేసి చూశారు, అదీ పోయింది. చివరికి రాయి రాయీ ఊడదీస్తే నాలుగడుగుల పురుగు బయటపడింది. సిబ్బంది దానికి బ్యారీ అని పేరు పెట్టి వేరే తొట్టెలో పెట్టుకున్నారు.

బ్యారీ కథ చదివిన ప్రతివాడూ తన రాతిలో బ్యారీ ఉందనుకుంటాడు. వేలెడు పురుగుని చూసి మూడు మీటర్ల రాక్షసిని ఊహించుకోకండి. కాని పెన్సిల్ లావు ఉండి, పగడాలూ నత్తలూ మాయమవుతూ ఉంటే ఆ రాయిని వేరే బకెట్లోకి మార్చడమే మేలు. లాగి పీకడం మాత్రం వద్దు. తెగిన మొండెం లోపల మళ్లీ పెరుగుతుంది.

మిగతా పురుగుల్లో దాదాపు అన్నీ మంచివే. సేమ్యా పోగుల్లాంటి మీసాలు రాతి మీద పరిచి కణం కణం నోటికి చేరవేసుకునేవి స్పఘెట్టీ వార్మ్‌లు. విసనకర్రలా విప్పుకుని నీడ పడగానే ముడుచుకునేవి ఫెదర్ డస్టర్‌లు. ఏనుగు తొండంలా నల్లటి చివరతో సాగి చుట్టూ తడిమి వెనక్కి ముడుచుకుంటే అది పీనట్ వార్మ్. ఎప్పుడైనా చివర రెండుగా చీలిన పచ్చని నాలుకొకటి కన్నంలోంచి బయటికి సాగితే భయపడకుండా చూస్తూ కూర్చోండి, అది బొనీలియా జాతి చెంచా పురుగు. ఆ నాలుకున్నది ఆడది. బొనీలియాల్లో పిల్ల ఇసుకలో పడితే ఆడదవుతుంది, ఆడదాని ఒంటి మీద పడితే ఇంచుమించు మిల్లీమీటర్ల ప్రమాణం దాటని మగదై ఆమె ఒంట్లోనే బతుకుతుంది. ఇల్లరికం అంటే మరీ ఇంతలానా అనిపిస్తుంది.

గొట్టాల్లో ఉన్నది పురుగా, నత్తా?

రాతి మీదా, అద్దం మీదా, పంపు మీదా తెల్ల చుక్కల్లా రెండు మిల్లీమీటర్ల గుండ్రటి చుట్టలు కనిపిస్తాయి. భూతద్దం పెడితే ప్రతి చుట్టలోంచీ చిన్న ఎర్రటి కిరీటం. ఇవి స్పైరోర్బిడ్‌లు, ఫెదర్ డస్టర్ వంశమే. వీటిని గోకనక్కర్లేదు.

వీటి పక్కనే, వంకరటింకరగా పైకి పొడుచుకొచ్చిన గట్టి సున్నపు గొట్టాలుంటే ఒక పని చేయండి. పొడి మేత కొంచెం నీళ్లలో వదిలి పది నిమిషాలు చూడండి. కిరీటం విచ్చుకుంటే పురుగు. కిరీటం రాకుండా గొట్టం నోట్లోంచి సాలెపోగులాంటి జిగురు దారాలు తేలుకుంటూ వస్తే అది వెర్మెటిడ్ నత్త. నత్త అనడానికి మనసొప్పదు, ఎందుకంటే అది రాతికి అతుక్కుపోయి జీవితాంతం కదలదు. జిగురు వల విసిరి, అందులో పడ్డదాన్ని వలతో సహా మింగేస్తుంది. ఆ వల పక్కనున్న పగడం మీద పడి నలుపుతూ ఉంటే పగడం పాలిప్‌లు, అంటే పువ్వుల్లా విచ్చుకునే దాని బుల్లి నోళ్లు, విప్పుకోవు.

ఇది అలంకార సమస్య అనుకునేవాళ్లున్నారు. ఫ్రెంచ్ పోలినీషియాలోని మొరీయా దీవి పగడపు దిబ్బల మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో ఒక పెద్ద వెర్మెటిడ్ ఉన్నచోట పగడాల అస్థిపంజరం పెరుగుదల 81 శాతం వరకు, బతికే అవకాశం 52 శాతం వరకు తగ్గాయని తేలింది. ట్యాంకుల్లో వచ్చేవి అంతకన్నా చిన్న జాతులే అయినా వందల్లో పుడతాయి. గొట్టాన్ని విరగ్గొడితే లోపలి నత్త లోతుకి జారి మళ్లీ కట్టుకుంటుంది. గొట్టం నోటి మీద చుక్క సూపర్ గ్లూ జెల్ పెట్టి మూసేయడమే నాకు తెలిసినంతలో నమ్మదగిన మార్గం. వందకి వంద చుక్కలు పెట్టాలి, విసుగే. అందుకే మూడు ఉన్నప్పుడే పెట్టాలి.

రక్తబీజుడు

రక్తబీజుడి కథ మనకి తెలుసు, ఒక్క బొట్టు నేల పడితే మరో రాక్షసుడు లేస్తాడు. ఐప్టేసియా అనే ఎనిమోనీ, అంటే రాతికి అంటుకుని బతికే పువ్వులాంటి ప్రాణి, అంతే. సన్నని కాండం, పైన పల్చటి గోధుమ రంగు మీసాలు, చిన్న కొబ్బరి చెట్టులా అందంగానే ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఉచితంగా ఎనిమోనీ వచ్చిందని మురిసిపోతారు. పట్టకారుతో పీకితే తెగిన ముక్క ముక్కా ఒక పిల్లవుతుంది. ఊరికే జరుగుతూ పోయినా పాదం అంచున తెగి మిగిలిన తునకల్లోంచి కొత్తవి మొలుస్తాయి. తాకితే తెల్లని విష దారాలు విడుస్తుంది, పక్క పగడం కాలిపోతుంది. ఒంట్లో నాచుకణాలుండటం వల్ల లైటు పడితే చాలు, మేత లేకపోయినా బతుకుతుంది. ఈ మొండితనమే ప్రయోగశాలలకి నచ్చింది. పగడాలకీ వాటి నాచుకణాలకీ మధ్య కాపురం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి దీన్నే పెంచుతున్నారు. దీని జన్యుపటం 2015లో వచ్చింది.

కన్నంలోకి సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద, అదే కాల్క్‌వాసర్, నోటి మీద పడేలా మెల్లగా వదలడం ఒక పద్ధతి. రెండూ మూడూ ఉన్నప్పుడు బాగుంటుంది. ఎక్కువైతే దాన్ని తినేవాళ్లని తేవాలి. బర్గియా అనే చిన్న సముద్రపు స్లగ్ ఐప్టేసియా తప్ప మరేదీ ముట్టదు. అవి అయిపోయాక ఆకలితో చచ్చిపోతుంది కూడా. పెప్పర్‌మింట్ రొయ్య తినొచ్చు, తినకపోవచ్చు, అది దాని మూడ్ మీద ఆధారపడిన వ్యవహారం. ఇక్కడొక మోసం జాగ్రత్త: ఒంటె రొయ్య అని అచ్చంగా అలాంటి ఎర్ర చారలదే ఇంకొకటుంది. చారల మధ్య తెల్ల చుక్కలు, వీపు మీద మూపురం, తల ముందు పైకీ కిందికీ ఆడే ముక్కు ఉంటే అది పగడాల్ని పీక్కుతినే ఒంటె రొయ్య. పెప్పర్‌మింట్‌కి ముక్కు కదలదు.

మీసాల చివర గుండ్రంగా బొడిపెల్లా ఉండి, పొట్టిగా ఆకుపచ్చగానో గోధుమగానో ఉంటే అది మజానో అనే ఇంకో ఎనిమోనీ. అదీ పాకుతుంది, ఐప్టేసియా అంత వేగంగా కాదు. వైద్యం అదే.

టక్ టక్

అర్ధరాత్రి ట్యాంకులోంచి చిటికె వేసినట్టో, గాజు పగిలినట్టో చప్పుడు వస్తే ఇద్దరు అనుమానితులు. పిస్టల్ రొయ్యకి ఒక పట్టు, అంటే పట్టకారులాంటి ముందుకాలు, రెండోదానికన్నా చాలా పెద్దది. దాన్ని టక్కున మూస్తే నీటి చిమ్ములో బుడగ పుట్టి, ఆ బుడగ కూలేటప్పుడు శబ్దం వస్తుంది. శబ్దం పట్టు తగిలి రాదని, బుడగ పేలి వస్తుందని 2000లో రుజువైంది. మరుసటి ఏడాది ఆ బుడగ కూలేటప్పుడు లోపల కనీసం 5,000 కెల్విన్ వేడి పుడుతుందనీ, మన కంటికి ఆనని మెరుపొకటి వస్తుందనీ తేలింది. ఇంత ఆర్భాటం చేసే ఈ రొయ్య ట్యాంకులో సాధారణంగా సాధువు. గోబీ చేపతో కలిసి ఒకే కన్నంలో కాపురముండే జాతులూ వీటిలో ఉన్నాయి.

రెండో అనుమానితుడు మాంటిస్ ష్రింప్. పేరులో ష్రింప్ ఉన్నా రొయ్య కాదు. గుద్దేవి, పొడిచేవి అని రెండు రకాలు. రాళ్లతో వచ్చేవి ఎక్కువగా గుద్దే రకం. ఇదే రకంలో పెద్దదైన నెమలి మాంటిస్ గుద్దు సెకనుకి 23 మీటర్ల వేగం అందుకుంటుందని 2004లో కొలిచారు. మన రాళ్లలో వచ్చేది వేలెడే ఉంటుంది, అయినా పీతల డిప్పలు, నత్తల గుల్లలు పగలగొడుతుంది. చేపలూ క్షేమం కాదు.

చప్పుడుని బట్టి ఇద్దరిలో ఎవరో తేల్చాలని చూస్తే తప్పు దారి పడతారు. చుట్టూ ఆధారాలు చూడండి. కన్నం గుమ్మంలో పగిలిన గుల్లలు పోగై ఉంటే మాంటిస్. రాత్రిపూట రాళ్లముక్కలతో గుమ్మం లోపలినుంచి మూసుకుంటే మాంటిస్. కాడల మీద నిలబడి, దేని దారిన అది తిరిగే రెండు కళ్లు మీ వైపు చూస్తుంటే ఇంకా అనుమానమే లేదు. ఆ కన్నంలో వేలు పెట్టకండి, మత్స్యకారులు దీన్ని బొటనవేలు చీల్చేది అని ఊరికే అనలేదు. రాయిని బయటికి తీసి, కన్నంలోకి సోడా నీళ్లు సిరంజితో వదిలితే ఊపిరాడక తనే బయటికి దూకుతుంది, కింద బకెట్ పట్టుకోండి. చంపనక్కర్లేదు. చిన్న తొట్టెలో ఒంటరిగా పెడితే మిగతా ట్యాంకు మొత్తం కన్నా అదే ఎక్కువ వినోదం ఇస్తుంది.

పీతల దగ్గర చూడాల్సింది పట్టు చివర

పీతల్లో రంగు చూసి ఏమీ చెప్పలేం. పట్టు చివర చూడండి. చెంచా చివరలా గుంటగా ఉంటే అది నాచు గోక్కునే పీత, ఎమరాల్డ్ పీత లాంటిది. సూదిగా, బరువుగా, నల్లటి చివరలతో ఉండి ఒంటినిండా రోమాలుంటే జాంతిడ్ వంశమో దాని చుట్టమో అయ్యుంటుంది. పెరిగేకొద్దీ నత్తలు, చేపలు, పగడాలు తింటుంది. నడిచే కాళ్లు నాలుగు జతలకి బదులు మూడే కనిపించి, నోటి దగ్గర రెండు విసనకర్రలు విసురుతుంటే పోర్సిలిన్ పీత, నీళ్లు వడకట్టుకుని బతికే అమాయకురాలు. కొమ్మల పగడం మధ్యలో నున్నగా మెరిసే బుల్లి పీత కూర్చుని వేలు చూపిస్తే మీదికి వస్తుంటే, అది ట్రపీజియా. దాన్ని ముట్టుకోకండి. సముద్రంలో అది పగడాన్ని తినే ముళ్ల నక్షత్ర చేపల్ని గిల్లి తరిమేస్తుంది. ఆ కొమ్మే దానిల్లు కాబట్టి కాపలా కాస్తుంది.

చెడ్డ పీతని పట్టడానికి నున్నటి గాజు గ్లాసు అడుగున ఎర వేసి, రాతికి ఆనించి వాలుగా పెట్టండి. లోపలికి దిగుతుంది, జారుడు గోడ ఎక్కలేదు.

ఈ వరసలో అన్నిటికన్నా చిన్నవి, అన్నిటికన్నా తప్పు తీర్పు వచ్చేవి ఐసోపాడ్‌లు, రాళ్ల కింద తేమలో ఉండి ముట్టుకుంటే ఉండలా చుట్టుకునే పిల్ బగ్‌కి సముద్రపు దాయాదులు. రాతి మీద నెమ్మదిగా పాకుతూ, గిన్నెలో వేసి కదిపితే ఉండలా చుట్టుకునేవి నాచు తినేవి. సిరొలానిడ్ చుట్టుకోదు. పెద్ద కళ్లు తలకి రెండు మూలల్లో ఉంటాయి, తిన్నగా బాణంలా ఈదుతుంది. రాత్రి చేప ఒంటికి కరుచుకుని రక్తం తాగి, కడుపు నిండాక రాతిలోకి జారుకుంటుంది. పొద్దున్నే చేపల చెంపల మీద ఎర్ర మచ్చలు తప్ప సాక్ష్యం ఉండదు. చేపలన్నిటినీ తీసి నెలల తరబడి ట్యాంకుని ఖాళీగా ఉంచడమే దారి. ఇంత కఠినమైన వైద్యం కాబట్టే గిన్నెలో వేసి కళ్లు చూసిన తరవాతే ఆ నిర్ణయానికి రావాలి.

నత్తలూ నక్షత్రాలూ గురించి పెద్దగా చెప్పేది లేదు. రాతి కింద సన్నని చేతులు ఊపే బుల్లి పెళుసు నక్షత్రాలు, చిటికెన వేలి గోరంత స్టొమటెల్లా నత్తలు, రాతికి పెంకులా అంటుకున్న ఖైటాన్‌లు దొరికితే అదృష్టం. స్టొమటెల్లాని గట్టిగా పట్టుకుంటే బల్లి తోక వదిలినట్టు పాదం వెనక భాగాన్ని వదిలేస్తుంది, మీరేదో చంపేశారనుకుని బాధపడకండి. చేతులు హెచ్చుతగ్గులుగా ఉన్న గోరంత ఆస్టెరినా నక్షత్రాలు తమని తామే చీల్చుకుని పెరుగుతాయి. ఎక్కువ మంది ట్యాంకుల్లో నాచు పొరలే తింటాయి. జొయాంతిడ్‌లు అనే బొత్తాల్లాంటి పాలిప్‌ల గుంపుల మీద రోజూ కూర్చుని ఉండి, అవి ముడుచుకుపోతుంటే మాత్రం ఏరేయండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది

ఇంతసేపూ ట్యాంకుకి ఎవరు ప్రమాదమో మాట్లాడుకున్నాం. మనిషికి ప్రమాదమైనదాన్ని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే అది పాకదు, కరవదు, శబ్దం చేయదు. రాతి మూల గోధుమ రంగు బొత్తాల్లా గుంపుగా విచ్చుకునే పాలితోవా పాలిప్‌లు. వాటిలో కొన్నిట్లో పాలీటాక్సిన్ ఉంటుంది. కణం పైపొరలో సోడియం, పొటాషియంలని అటూ ఇటూ తోడే పంపుని పట్టుకుని, దాన్ని మూయలేని తూములా తెరిచేస్తుంది. హవాయిలోని మాయి దీవిలో హానా ప్రాంతపు జనం తమ ఈటెలకి పూసుకునేవారని చెప్పుకునే ఒక విషపు "నాచు" కథని వెంబడించి వెళ్లిన పరిశోధకులు 1971లో ఈ విషాన్ని వేరుచేశారు. ఆ నాచు నాచు కాదు, పాలితోవా.

ఇది ఇళ్లలోకి ఎలా వస్తుందంటే, నేను మొదట్లో చేసిన లాంటి పని చేసేవాళ్ల వల్లే. రాయిలో ఉన్నవన్నీ చావాలని వేణ్నీళ్లలో ఉడకబెడతారు, లేదా బ్రష్షు పెట్టి గట్టిగా రుద్దుతారు. విషం ఆవిరితో, తుంపర్లతో గాలిలోకి లేస్తుంది. ఇంటిల్లిపాదీ జ్వరం, ఆయాసం, నోట్లో లోహపు రుచితో ఆస్పత్రి పాలైన సంఘటనలున్నాయి. 2012 నుంచి 2014 వరకు అలాస్కాలో జరిగిన ఇలాంటి వాటి మీద అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2015లో నివేదిక ప్రచురించింది. లైవ్ రాక్‌ని ఎప్పుడూ, ఏ కారణానికీ ఉడకబెట్టకూడదు. గోధుమ బొత్తాలున్న రాయిని గీకాల్సి వస్తే కళ్లజోడు, తొడుగులు వేసుకుని, నీళ్లలో ముంచే ఉంచి గీకాలి. చేతికి గాయం ఉన్నరోజు ఆ పని వాయిదా వేయాలి.

రాయిని ఇంట్లోకి తెచ్చేముందు

కొత్త రాయిని నేరుగా ట్యాంకులో పెట్టకుండా వేరే తొట్టెలో, చీకట్లో, నీటి కదలికతో కొన్ని వారాలు ఉంచాలి. ప్రయాణంలో చచ్చినవన్నీ అక్కడ కుళ్లి పోతాయి, బతికినవాటిని రాత్రుళ్లు తీరిగ్గా చూడొచ్చు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే లోపలికి. తొట్టెలో పెట్టేముందు ఉప్పు ఎక్కువ కలిపిన నీళ్లలో, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ (మంచినీళ్లతో పోలిస్తే ఎంత బరువో చెప్పే కొలత) మామూలు 1.025 నుంచి 1.035 పైకి పెంచి, ఒకటి రెండు నిమిషాలు ముంచితే మాంటిస్‌లు, పీతలు, చాలా పురుగులు బయటికి ఉరుకుతాయి. మంచినీళ్లంత వినాశనం జరగదు. ఐప్టేసియాకి ఇది లెక్కలోకి రాదు.

ప్రాణులేవీ లేని పొడిరాళ్లు కొంటే ఈ బాధలేవీ ఉండవని కొందరంటారు. ఉండవు నిజమే, కొన్నాళ్లు. పెళుసు నక్షత్రాలూ స్టొమటెల్లాలూ కూడా ఉండవు. నెలల పాటు రకరకాల నాచులు వంతులవారీగా ట్యాంకుని ఏలతాయి. ఆ తరవాత మొదటి పగడం కొంటారు, దాని అడుగున ఉన్న సిమెంటు బిళ్లకి ఒక ఐప్టేసియా అతుక్కుని ఉంటుంది.

ఏదో తేలని జీవి దొరికితే సంప్‌లో, అంటే ట్యాంకుకి కలిపి ఉన్న వడపోత తొట్టెలో, చిన్న జల్లెడ డబ్బాలో పెట్టండి. రెండు వారాలు రకరకాల మేత వేసి చూడండి, అదే చెబుతుంది.

తీసేసినదాన్ని కాలువలోకో, సముద్రంలోకో మాత్రం వదలొద్దు. సముద్రం నుంచి వచ్చిందేగా అనిపిస్తుంది, కానీ వచ్చిన సముద్రం వేరు. పారేయాల్సింది పురుగైనా నాచైనా గడ్డకట్టించి చెత్తలో వేయండి, రాయి నానిన నీళ్లలో బ్లీచ్ కలిపి పారబోయండి. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కింద మధ్యధరాలో కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు ఒక చదరపు మీటరు మేర కనిపించింది. రక్తబీజుడి వంశమే, తెగిన ముక్క ముక్కా నాటుకుంటుంది. తీరం వెంబడి దేశాలు దాటి పాకింది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. 2000లో అదే నాచు కాలిఫోర్నియాలోని అగ్వా హెడియోండా లగూన్‌లో బయటపడితే, ఈసారి వెంటనే టార్పాలిన్లు కప్పి కింద క్లోరిన్ పంపారు. పూర్తిగా పోయిందని ప్రకటించేసరికి 2006 వచ్చింది.